ఓడిన పాయింట్ తర్వాత పది సెకన్లు: ఆటగాడి మనసుకు సాధన నేర్పే మార్గదర్శి

2023 అక్టోబరు 1, చైనాలోని హాంగ్‌ఝౌ. ఆసియా క్రీడల మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. మన విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి స్టార్టింగ్ బ్లాకుల్లో ఉంది. తుపాకి పేలకముందే చైనాకు చెందిన వు యాన్ని కదిలింది. ఆ కదలిక చూసి జ్యోతి కూడా లేచింది. అధికారులు ఇద్దరికీ రెడ్ కార్డు చూపించారు. అంటే, అన్నేళ్ల కష్టానికి ఒక్క అడుగు కూడా పరిగెత్తకుండానే తెర పడినట్టు. జ్యోతి ట్రాక్ వదల్లేదు. ముందు కదిలింది నేను కాదు, రీప్లే చూడండి అని అధికారులతో నిలబడి వాదించింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చి, సంగతి తర్వాత తేలుస్తామన్నారు. మళ్లీ బ్లాకుల్లోకి దిగింది. 12.91 సెకన్లలో మూడోదిగా గీత దాటింది. తర్వాత వు యాన్నిని అనర్హురాలిగా తేల్చడంతో జ్యోతికి రజతం దక్కింది.

నేను పిల్లలకు ఈ సంగతి చెప్పేటప్పుడు పతకం దగ్గర ఆగను. వాదన ముగిసి మళ్లీ బ్లాకుల్లో కూర్చున్న ఆ క్షణం దగ్గర ఆగుతాను. ఈ పరుగులో పది హర్డిళ్లు ఉంటాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 8.5 మీటర్లు, ఆ దూరంలో సరిగ్గా మూడు అడుగులు. ఒక్క అడుగు కురచైనా తర్వాతి హర్డిల్ కాలికి తగులుతుంది. గొడవకు ముందు ఆమె కాళ్లలో ఎంత నైపుణ్యం ఉందో, గొడవ తర్వాతా అంతే ఉంది. కానీ గుండె దడదడలాడుతూ, కోపం గొంతులోకి వచ్చినప్పుడు ఆ నైపుణ్యం కాళ్లదాకా దిగుతుందా లేదా అన్నది వేరే విషయం. ఈ వ్యాసం ఆ వేరే విషయం గురించే.

నేను ఒక జిల్లా కేంద్రంలో ఇరవై ఏళ్లుగా పిల్లలకు షటిల్ నేర్పిస్తున్నాను. మనోబలం అనగానే అదేదో పుట్టుకతో వచ్చే గుణం అనుకుంటారు తల్లిదండ్రులు. "మావాడికి గుండె ధైర్యం తక్కువ సార్" అని పిల్లాడి ముందే అంటారు. అది గుణం కాదు, పని. బ్యాక్‌హ్యాండ్ ఎలా నేర్పుతామో అలాగే నేర్పాల్సిన పని. నేను నేర్పే తీరు వరసగా చెబుతాను. మీది కబడ్డీ అయినా, పరుగైనా, క్రికెట్ అయినా పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

ముందే ఒక మాట. నైపుణ్యం అక్కర్లేదని నేను అనడం లేదు. ఫుట్‌వర్క్ రాని పిల్లాడు ఎంత పట్టుదల చూపినా షటిల్ దగ్గరికి చేరలేడు. కానీ జిల్లా స్థాయి దాటాక అందరికీ అన్ని షాట్లూ వస్తాయి. అక్కడ గెలిపించేది ఆ షాట్ 21 పాయింట్ల గేమ్‌లో 19-19 దగ్గర కూడా ఆడగలగడం. పైగా ఆ షాట్ నేర్చుకోవడానికి ఐదేళ్లు తెల్లవారుజామున లేచి రావాలంటే కావాల్సిందీ పట్టుదలే. అందుకే నా లెక్కలో మనసు ముందు, చెయ్యి తర్వాత.

మొదటి అడుగు: చేతిలో ఉన్నది, లేనిది

ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనండి. తెరిచాక ఎడమ పేజీ మీద "నా చేతిలో ఉన్నవి" అని, కుడి పేజీ మీద "నా చేతిలో లేనివి" అని రాయండి. వారం పాటు ప్రతి సాధన తర్వాతా నింపండి. నిద్ర, సమయానికి రావడం, సర్వీస్ ఎత్తు, కాళ్లు కదపడం ఎడమవైపు. డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే జాబితా), లైన్ జడ్జి, ఎదుటివాడి ఆట, సెలెక్షన్, హాల్లో గాలి కుడివైపు.

ఇది ఎందుకంటే మళ్లీ జ్యోతి దగ్గరికే వెళ్లాలి. 100 మీటర్ల హర్డిల్స్ జాతీయ రికార్డు 2002 నుంచి 13.38 సెకన్లుగా ఉండేది. 2020 జనవరిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆమె 13.03లో పరిగెత్తింది. అక్కడ డోప్ పరీక్ష జరగలేదని, నియమం ప్రకారం ఉండాల్సిన అధికారి లేరని దాన్ని రికార్డుగా లెక్కించలేదు. 2022 ఏప్రిల్లో కోళికోడ్‌లో 13.09. ఈసారి వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. అనుమతి ఉన్నది 2.0. మళ్లీ లెక్కలోకి రాలేదు. ఆ మరుసటి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తింది, అది రికార్డయింది. గమనించండి, ఆ రెండిటికంటే నెమ్మదైన పరుగుకు రికార్డు దక్కింది. గాలి ఆమె చేతిలో లేదు, అధికారి ఉండటం లేకపోవడం ఆమె చేతిలో లేదు. మళ్లీ వెళ్లి బ్లాకుల్లో కూర్చోవడం ఒక్కటే ఆమె చేతిలో ఉంది.

కుడి పేజీలో ఉన్నవాటి గురించి బాధపడొద్దని పిల్లలకు చెప్పను, బాధ వస్తుంది. రెండు నిమిషాలు తిట్టుకోనిస్తాను. ఆ తర్వాత కుడివైపు ఉన్న ప్రతి మాటకీ ఎడమవైపు ఒక జవాబు రాయిస్తాను. హాల్లో గాలి ఉంది. మరి నా చేతిలో ఏముంది? వార్మప్‌లోనే రెండు వైపుల నుంచీ షటిల్ కొట్టి చూసి, ఏ వైపు నుంచి బయటికి పోతోందో తెలుసుకోవడం. మన పాత ఇండోర్ స్టేడియాల్లో తలుపులు తెరిచి ఉంటాయి, ఫ్యాన్లు తిరుగుతుంటాయి. ఇది తెలుసుకున్న పిల్లాడికి ఒక గేమ్‌లో మూడు నాలుగు పాయింట్లు మిగులుతాయి.

చేతిలో లేదని నోరు మూసుకోమని కూడా కాదు. హాంగ్‌ఝౌలో జ్యోతి నోరు విప్పింది. న్యాయంగా అడగడం మన చేతిలోదే. షటిల్లో అభ్యంతరం ఉంటే తర్వాతి సర్వీస్ పడేలోపు అంపైర్‌ని అడగాలి, తర్వాత అడిగితే చెల్లదు. ఈ నియమం తెలియక లోలోపల కుమిలిపోతూ తర్వాతి ఆరు పాయింట్లు పోగొట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. "సార్, అది లైన్ మీద పడింది" అని మర్యాదగా ఒక్కసారి అడగడం సాధనలోనే నేర్పండి. ఆయన కాదంటే అక్కడితో వదిలేయడం కూడా.

రెండో అడుగు: పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య

మిగతావన్నీ మానేసి ఇదొక్కటి చేసినా చాలు అంటాను.

సింగిల్స్‌లో షటిల్ గాల్లో ఉన్నంతసేపు ఆలోచించడానికి సమయం ఉండదు, కాళ్లూ చేతులూ తమ పని తాము చేసుకుపోతాయి. మనసు పాడయ్యేది షటిల్ నేల మీద పడి ఉన్నప్పుడే. దాన్ని తీసి సర్వీస్ చేసేలోపు దొరికే ఆ కాసిన్ని సెకన్లలోనే.

మా దగ్గర ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. చక్కటి చెయ్యి, నెట్ దగ్గర డ్రాప్ వేస్తే షటిల్ తాడు మీద జారినట్టు దిగేది. టోర్నమెంట్లలో మాత్రం మొదటి రౌండు దాటేది కాదు. ఒకరోజు నేను ఆట చూడటం మానేసి ఆమె ముఖమే చూశాను. పాయింట్ పోగానే గ్యాలరీలో వాళ్లమ్మ వైపు చూసేది. ఆ గేమ్‌లో పద్నాలుగు సార్లు చూసింది. అమ్మ కోపంగా లేదు, పాపం చేతులు జోడించుకుని కూర్చుంది. కానీ అమ్మ ముఖంలో దిగులు చూసి ఈ పిల్ల భుజాలు కిందికి జారేవి. తర్వాతి సర్వీస్ ఆ జారిన భుజాలతోనే చేసేది.

అమ్మను బయటికి వెళ్లమనలేదు. ఆ పిల్ల కళ్లకు ఇంకో చోటు చూపించాం. రాకెట్ మెడ దగ్గర గోళ్ల రంగుతో చిన్న ఎర్ర చుక్క పెట్టుకుంది. పాయింట్ గెలిచినా ఓడినా చూపు ముందు ఆ చుక్క మీదికే రావాలి. దాని చుట్టూ ఒక క్రమం కట్టుకున్నాం, మీరూ ఇలా కట్టుకోవచ్చు.

1. పాయింట్ అయిపోగానే నెట్‌కి వీపు తిప్పి రెండడుగులు వెనక్కి నడవండి. ఎదుటివాడికి మీ ముఖం అక్కర్లేదు.
2. వేళ్లతో రాకెట్ గట్టింగ్ (అల్లిన తీగలు) సర్దుకోండి. సర్దాల్సిన అవసరం లేకపోయినా సరే. కళ్లకూ వేళ్లకూ పని దొరుకుతుంది.
3. ఒక్క ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. బయటికి వదిలేది పొడవుగా ఉండాలి, దడ తగ్గేది అక్కడే.
4. ఒక్క మాట. "ఓడకూడదు" లాంటిది వద్దు. చెయ్యాల్సిన పని చెప్పే మాట కావాలి: "ఎత్తుగా", "ముందుకి", "కాళ్లు". మనసులో అనుకోవచ్చు, పెదవులు కదిపి అంటే ఇంకా మంచిది.
5. తిరిగి, సర్వీస్ ఎక్కడ పడాలో ఆ చోటు చూసి, ఆడండి.

మొత్తం పది సెకన్లు దాటకూడదు. సాగదీస్తే అంపైర్ మందలిస్తారు, ఆ మందలింపుతో మనసు మళ్లీ చెదురుతుంది. మ్యాచ్‌లో మాత్రమే చేద్దామనుకుంటే గుర్తురాదు, కాబట్టి సాధనలో ప్రతి పాయింట్‌కీ చేయించండి. గెలిచిన పాయింట్ తర్వాత కూడా చేయించండి. గెలిచిన ఊపులో తొందరపడి వరసగా రెండు పాయింట్లు చేజేతులా ఇచ్చేయడం, ఓడిన దిగులులో ఇవ్వడం కంటే తక్కువేమీ జరగదు.

ఆ అమ్మాయికి ఇది అలవాటు కావడానికి మూడు నెలలు పట్టింది. మొదటి నెలలో ఊపిరి మర్చిపోయేది, రెండో నెలలో అన్నీ చేసేది కానీ మధ్యలో ఒక్కసారి గ్యాలరీ వైపు చూసేది. ఆ మార్పును స్కోరుతో కొలవలేదు, చూపులతో కొలిచాం. పద్నాలుగు నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి నాలుగు. పిల్లలకు ఇలా లెక్క చూపిస్తే తమ మనసు తమ మాట వింటోందని నమ్మకం కుదురుతుంది.

మూడో అడుగు: గొంతు

పి.వి. సింధు చిన్నప్పుడు కోర్టులో చాలా నెమ్మది. ఆమె కోచ్ పుల్లెల గోపీచంద్ ఆమెను అకాడమీలో అందరి ముందూ కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ పట్టుకోనివ్వనన్నారు. ఆమె ఏడ్చింది, చివరికి అరిచింది. రియో ఒలింపిక్స్‌లో మనందరం టీవీల్లో విన్న ఆ కేక అలా నేర్చుకున్నదే.

అందరూ అరవాలని నేను అనను. కొందరు పిల్లలు మౌనంగానే బాగా ఆడతారు, వాళ్లను కదపకండి. కానీ లోపల భయపడి మౌనంగా ఉన్న పిల్లకూ, నిబ్బరంగా మౌనంగా ఉన్న పిల్లకూ తేడా కోచ్‌కి తెలియాలి. భుజాలు చూడండి, తెలుస్తుంది. భయంతో ముడుచుకునే పిల్లల చేత స్కోరు పైకి చెప్పించండి. సర్వీస్‌కి ముందు "తొమ్మిది, పదకొండు" అని హాలంతా వినిపించేలా. వెనకబడి ఉన్నప్పుడు స్కోరు గట్టిగా చెప్పగలిగిన పిల్ల సగం భయం దాటినట్టే.

నాలుగో అడుగు: ఒత్తిడిని సాధనలోకి తెచ్చుకోవడం

మన సాధనంతా 0-0 నుంచి మొదలవుతుంది. మ్యాచ్‌లో ఏడిపించేది 19-19. అక్కడ నిలబడటం అక్కడికి వెళ్లకుండా రాదు.

వారానికి రెండు రోజులు ఆటను 17-20 దగ్గర మొదలుపెట్టండి. వెనకున్నవాడు సమం కావడానికే వరసగా మూడు పాయింట్లు తెచ్చుకోవాలి, ముందున్నవాడు గెలవడానికి ఒక్కటి తెచ్చుకుంటే చాలు. ముందున్నవాడి చెయ్యే ఎక్కువగా వణకడం చూస్తారు. తర్వాత స్థానాలు మార్చండి. ఇంకో రోజు పిల్లలు బాగా అలిసిపోయాక, షాడోలు (షటిల్ లేకుండా కోర్టులో కదిలే సాధన) అన్నీ అయ్యాక, ఒక్క గేమ్ పెట్టండి. ఇంకో రోజు కోర్టు చుట్టూ మిగతా పిల్లల్ని కూర్చోబెట్టి గోల చెయ్యమనండి. నెలకోసారి కావాలనే ఒక తప్పుడు లైన్ కాల్ ఇవ్వండి, ఆ తర్వాతి మూడు పాయింట్లూ ఎలా ఆడతాడో రాసుకోండి. అయిపోయాక అది కావాలని ఇచ్చిందేనని చెప్పేయండి. పిల్లలు మనల్ని నమ్మడం మానేస్తే ఇవేవీ పనిచెయ్యవు.

పెద్ద లక్ష్యాన్ని ముక్కలు చెయ్యడం కూడా ఇక్కడే నేర్పండి. 21 దూరం, 5 దగ్గర. ముందు ఐదుకు, తర్వాత విరామం వచ్చే 11కి, ఆ తర్వాత 16కి. ఈ మాట వస్తే నాకు 2001 మార్చి 14, కోల్‌కతా క్రికెట్ టెస్టు గుర్తొస్తుంది. ఫాలో ఆన్ ఆడుతున్న (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగిన) భారత్ ముందురోజు ఆట ముగిసేసరికి నాలుగు వికెట్లు పోగొట్టుకుని ఇంకా 20 పరుగులు వెనకే ఉంది. ఆ రోజంతా మన హైదరాబాదీ లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి వికెట్ పడకుండా ఆడారు. లక్ష్మణ్ 281, ఇద్దరి భాగస్వామ్యం 376, మర్నాడు భారత్ 171 పరుగులతో గెలిచింది. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా మీద. రోజంతా ఆడాలని కూర్చుంటే ఎవరికీ సాధ్యం కాదు, వచ్చే బంతి ఒక్కటే ఆడగలం.

ఐదో అడుగు: ఓటమిని చదవడం

సింధు కథలో పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేది రియో రజతం కాదు. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, గ్లాస్గో, ఎదురుగా జపాన్ అమ్మాయి ఒకుహార. 110 నిమిషాల ఆట. రెండో గేమ్‌ను 73 షాట్ల ర్యాలీతో సింధు ముగించింది. మూడో గేమ్ 20-22తో పోయింది. మరుసటి ఏడాది ప్రపంచ ఫైనల్లో స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓటమి. అదే 2018లో కామన్వెల్త్ ఫైనల్లో, ఆసియా క్రీడల ఫైనల్లో కూడా ఓటమే. "ఫైనల్ అంటే సింధుకి భయం" అని టీ కొట్ల దగ్గర కూడా అనేవాళ్లు. 2019లో బాసెల్‌లో మళ్లీ ప్రపంచ ఫైనల్, మళ్లీ ఒకుహార. 21-7, 21-7. నలభై నిమిషాలు కూడా పట్టలేదు.

అన్ని ఫైనల్స్ ఓడిన మనిషి మళ్లీ ఫైనల్‌కి రావడమే నాకు పెద్ద విషయం. ఓడినవాళ్లు అక్కడిదాకా మళ్లీ రావడానికే జంకుతారు.

ఓడిన రోజు రాత్రి ఆట గురించి మాట్లాడకండి. అన్నం, స్నానం, నిద్ర. మర్నాడు పిల్లాడే నోట్‌బుక్ తీసి మూడు ప్రశ్నలకు రాయాలి: ఏది బాగా ఆడాను, ఏ చోట ఆట చెయ్యిజారింది, ఈ వారం ఏ ఒక్కటి సాధన చెయ్యాలి. ఒక్కటే. పది తప్పులు రాసుకున్నవాడు ఒక్కటీ దిద్దుకోడు. మూడో రోజు కోచ్ ఆ నోట్‌బుక్ చదివి, ఆ ఒక్కదానికి తగిన సాధన పెట్టాలి.

ఇక తల్లిదండ్రులకు. అమ్మానాన్నలూ, నేను చెప్పేది కాస్త మనసు పెట్టి వినండి. పిల్లల ఆట ఎక్కువగా పాడయ్యేది కోర్టులో కాదు, బండి మీద ఇంటికెళ్లే దారిలో. వెనక కూర్చున్న పిల్లాడికి దిగే దారి లేదు, చెవులు మూసుకునే వీల్లేదు. "అంత తేలిక షటిల్ నెట్‌కి కొట్టావేంట్రా?" "నెలకి ఎంత కడుతున్నామో తెలుసా?" "ఆ అబ్బాయి నీకంటే చిన్నోడు." ఈ మూడు మాటలు విన్న పిల్లాడు మర్నాటి నుంచి షటిల్ కోసం ఆడడు, ఆ దారి తప్పించుకోవడానికి ఆడతాడు. సాహసం చెయ్యాల్సిన చోట భద్రంగా ఆడి ఓడిపోతాడు. ఆ దారిలో అడగాల్సింది "ఆకలేస్తోందా?" అని. వాడే ఆట ఎత్తితే వినండి. తిరిగి సలహా ఇవ్వకుండా వినడం కష్టమే, నాకు తెలుసు, నేనూ తండ్రినే.

ఆరో అడుగు: విసుగు

దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆట మానేసినవాళ్లలో ఓటమితో మానేసినవాళ్లకంటే విసుగుతో మానేసినవాళ్లే ఎక్కువ కనిపించారు నాకు. షటిల్ లేకుండా ఆరు మూలలకూ షాడో, మళ్లీ షాడో, చలికాలం ఐదున్నరకి. పిల్లలతో నా ఒప్పందం ఇది: రావాలనిపించని రోజు కూడా రండి, పది నిమిషాలు చెయ్యండి, అప్పటికీ వద్దనిపిస్తే నన్ను అడక్కుండా ఇంటికెళ్లిపోండి. వెళ్లేవాళ్లు ఎప్పుడో ఒకరు. వెళ్లినా ఏమీ అనను. ఒప్పందం ఒప్పందమే.

ఏడో అడుగు: పట్టుదల ఎక్కడ ఆగాలి

పుల్లెల గోపీచంద్‌కు 1994 పుణే జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంట్ తెగింది. శస్త్రచికిత్సలు జరిగాయి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ సెమీస్‌లో పీటర్ గేడ్‌నీ, ఫైనల్లో చెన్ హాంగ్‌నీ ఓడించి గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకొణే గెలిచాక మళ్లీ మనకు అదే. ఈ కథ విన్న పిల్లలు నొప్పిని లెక్కచెయ్యకపోవడమే పట్టుదల అనుకుంటారు. అతను తెగిన మోకాలితో ఆడలేదు. చికిత్స చేయించుకుని, మోకాలిని మళ్లీ నిలబెట్టుకుని, మొదటి మెట్టు నుంచి ఎక్కాడు. పట్టుదల ఆ ఏళ్లలో ఉంది.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదట్లో ఒక అబ్బాయి మోకాలి నొప్పి అంటే "కాస్త ఓర్చుకో నాన్నా, ఫైనల్ కదా" అన్నాను. ఓర్చుకున్నాడు, గెలిచాడు, తర్వాత ఎనిమిది నెలలు కోర్టు ఎక్కలేకపోయాడు. అప్పటి నుంచి మా హాల్లో నియమం ఒకటే. కండరం మండితే ఆడొచ్చు. కీలు దగ్గర పొడిచినట్టు ఉన్నా, వాపు ఉన్నా, కుంటుతున్నా, ఆ క్షణమే ఆట ఆపి డాక్టర్ దగ్గరికి. ఫైనలైనా సరే. గాయంతో కూర్చున్న పిల్లాడిని ఇంట్లో వదిలేయకండి. హాల్‌కి రమ్మనండి, స్కోరు రాయనివ్వండి, చిన్నపిల్లలకు సర్వీస్ నేర్పనివ్వండి. ఆటకు దూరమైతే మనసుకే ముందు గాయమవుతుంది.

మనసు గాయానికీ ఇదే నియమం. వారాల తరబడి నిద్రపట్టకపోవడం, తిండి మానేయడం, ఇష్టమైన ఆటంటేనే ఏడుపు రావడం, బతుకు వద్దన్న మాట నోటి వెంట రావడం: వీటికి ఊపిరి లెక్కలూ ఎర్ర చుక్కలూ పనిచెయ్యవు. "ధైర్యంగా ఉండు" అనకండి. మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మా హాల్లో ఆ నంబరు నోటీసు బోర్డు మీద, టోర్నమెంట్ తేదీల పక్కనే రాసి ఉంటుంది.